పదింటిలోపు సగం దారి: హైదరాబాద్ నుంచి అనంతపురం దాకా సైకిల్ మీద వెళ్లడం ఎలా

దూరప్రయాణం సైకిల్ మీద చేయాలనుకునేవాళ్లు మొదట అడిగేది కాళ్ల గురించే. రోజుకు ఎనభై కిలోమీటర్లు తొక్కగలనా, మోకాళ్లు ఆగుతాయా అని. నేను హైదరాబాద్ నుంచి అనంతపురానికి మూడుసార్లు బయల్దేరాను. రెండుసార్లు చేరాను. మొదటిసారి కొత్తకోట దగ్గరే ఆగిపోయి, సైకిల్‌ను డీసీఎంలో వేసుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు నా కాళ్లు బాగానే ఉన్నాయి. ఎనిమిదింటికి లేచి, తొమ్మిదికి సైకిలెక్కి, నడినెత్తిన ఎండలో తొక్కాను. దాహం వేసినప్పుడే నీళ్లు తాగాను. మధ్యాహ్నం మూడింటికి తల పగిలిపోతుంటే వేపచెట్టు కింద పడుకున్నాను, మళ్లీ లేచి తొక్కే ఓపిక రాలేదు.

అందుకే ఈ ప్రయాణానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఆ రోజు తొక్కాల్సిన దూరంలో సగానికి పైగా పొద్దున పదింటిలోపే అయిపోవాలి. ఎప్పుడు పడుకోవాలి, ఏం తినాలి, ఎక్కడ ఆగాలి అనేవన్నీ దాన్నిబట్టే తేలతాయి. కింద చెప్పేది ఆ పద్ధతే.

ఎప్పుడు బయల్దేరాలి

నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. ఎండ ఒక కారణం, గాలి ఇంకో కారణం. చలికాలంలో మన దక్కన్ మీద గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. మీరు దక్షిణంగా పోతుంటారు కాబట్టి అది వెనక నుంచో ఎడమ భుజం పక్క నుంచో తోస్తుంది. అదే జూన్, జులై, ఆగస్టుల్లో నైరుతి గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. అనంతపురం అవతల రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలి బలం చూసే. ఆ నెలల్లో రాయలసీమ మైదానంలో దక్షిణంగా తొక్కితే దిగుడులో కూడా పెడల్ వేయాల్సి వస్తుంది.

నవంబరులో ఒక జాగ్రత్త ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మూడు రోజులు ముసురు పట్టొచ్చు. వాతావరణం చూసుకుని రెండు రోజులు వెనక్కి జరపడానికి వెనకాడకండి.

ఎత్తుల లెక్క కూడా మీకు కలిసొస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, కర్నూలు 280 మీటర్ల దగ్గర ఉంటుంది. మధ్యలో ఎత్తుపల్లాలు ఉన్నా, మొదటి మూడు రోజులు మొత్తమ్మీద కిందికి దిగుతున్నట్టే. కొత్తవాళ్లకు ఈ దారి చెప్పడానికి అదీ ఒక కారణం.

రెండు రోజుల పరీక్ష

ఒక్క రోజు వంద కిలోమీటర్లు తొక్కడం పెద్ద విషయం కాదు. మర్నాడు పొద్దున మళ్లీ అదే సీటు మీద కూర్చోగలగడం పెద్ద విషయం. కాబట్టి బయల్దేరడానికి మూడు వారాల ముందు ఒక శని, ఆదివారాలు పెట్టుకోండి. శనివారం ఆరాంఘర్ నుంచి షాద్‌నగర్ వెళ్లి రండి. ఆదివారం గండిపేట మీదుగా చిలుకూరు వైపు యాభై, అరవై కిలోమీటర్లు తొక్కండి. రెండు రోజులూ ప్రయాణంలో ఉండే సామానంతా సైకిల్ మీద ఉండాలి, నీళ్లతో సహా. ఖాళీ సైకిల్‌తో చేసిన ప్రాక్టీసు సగం ప్రాక్టీసే. వెనక బరువుంటే బ్రేక్ ఆలస్యంగా పడుతుంది, మలుపులో సైకిల్ వేరేలా వాలుతుంది.

అంతకుముందు వారం రోజుల్లో అలవాటు కోసం తొక్కాలంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో కట్టిన సైకిల్ ట్రాక్ ఉంది. 2023లో తెరిచారు. నానక్‌రామ్‌గూడ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు, మొత్తం 23 కిలోమీటర్లు. లారీల టెన్షన్ లేకుండా గేర్లు మార్చడం, తొక్కుతూనే సీసా తీసి నీళ్లు తాగడం అక్కడ నేర్చుకోండి. తొక్కుతూ నీళ్లు తాగడం రానివాళ్లు రోడ్డు మీద తక్కువ తాగుతారు, ఇది చాలామందిలో చూశాను.

ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చాక ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి. మోకాలి ముందు భాగం నొప్పిగా ఉంటే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టు. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి, తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కాలి. అరచేతులు తిమ్మిరెక్కితే బరువంతా చేతుల మీద పడుతోంది. హ్యాండిల్ కాస్త పైకి లేపండి, పది నిమిషాలకోసారి చేతుల పట్టు మార్చండి.

సైకిల్, దాని సామాను

కొత్త సైకిల్ కొనక్కర్లేదు. గేర్లున్న, వెనక క్యారియర్ బిగించడానికి వీలున్న గట్టి సైకిల్ ఏదైనా సరిపోతుంది. టైరు వెడల్పు మాత్రం 32 మిల్లీమీటర్లకు తగ్గొద్దు, 35 ఉంటే ఇంకా మంచిది. సన్న టైర్లతో జాతీయ రహదారి మీద వేగంగా పోవచ్చు గానీ, ఆలంపూర్ లాంటి ఊళ్లోకి మళ్లినప్పుడు కంకర మీద ఏడిపిస్తాయి.

చాలామందికి దారి మధ్యలోగానీ తెలియని విషయం వాల్వ్. మంచి రకం సైకిళ్లకు సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వ్ వస్తుంది. ఊళ్లో సైకిల్ షాపు పంపుగానీ, పెట్రోల్ బంకు గాలి పైపుగానీ దానికి పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, దాన్ని వాల్వ్ మీద బిగిస్తే మోటర్‌సైకిల్ గాలి పైపు సరిపోతుంది. రెండు కొనండి, ఒకటి వాల్వ్‌కే బిగించి ఉంచండి. కోఠి దగ్గర గౌలిగూడ సైకిల్ దుకాణాల్లో అడగండి. పెట్రోల్ బంకుల్లో గాలి, తాగునీళ్లు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. మొహమాటపడకుండా అడగొచ్చు.

ఇంకో తికమక 28 అంగుళాల టైరుతో. పాతకాలపు నల్ల సైకిల్ 28 వేరు, గేర్ల సైకిల్ 700 వేరు. రిమ్ములో తేడా ఉంది. ఊళ్లో దొరికే 28 ట్యూబు అవసరానికి సర్దుకుంటుంది, టైరు మాత్రం సరిపోదు. మీది 700 చక్రమైతే ట్యూబులు రెండు వెంట ఉంచుకోండి.

పనిముట్లలో టైరు ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు రెండు, చేతి పంపు, ప్యాచీలు, సొల్యూషన్, ఉప్పు కాగితం, అలెన్ కీలు, చిన్న పానా, చెయిన్ నూనె, నాలుగు ప్లాస్టిక్ టై పట్టీలు చాలు. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీస్తే కొన్నాళ్లకు లోపలే ఎండిపోతుంది. పాతది నమ్ముకోకండి, కొత్తది కొనండి.

బట్టలు రెండు జతలు. ఒంటి మీద ఒకటి, ఉతికింది ఒకటి. పొడుగు చేతుల పల్చటి చొక్కా ఎండకు రాసుకునే క్రీము కంటే మేలు. మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఆ కుట్లే ఒరుసుకుని పుండు చేస్తాయి. బ్యాగులు కట్టడానికి తాళ్ల కంటే పాత ట్యూబు చీలికలు బాగుంటాయి. షాపు వాళ్లు పాడైన ట్యూబును పొడుగ్గా కత్తిరించి ఇస్తారు. గతుకుల్లో తాడు వదులవుతుంది, రబ్బరు పట్టు వదలదు. మొత్తం సామాను, నీళ్లు కాకుండా, ఎనిమిది కిలోలు దాటితే మళ్లీ విప్పి చూసుకోండి.

అయిదు రోజుల దారి

మొదటి రోజు ఆరాంఘర్, శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్ మీదుగా జడ్చర్ల. నగరం మధ్య నుంచి సుమారు 85 కిలోమీటర్లు. ఈ ఒక్కరోజు మాత్రం అయిదింటికే ఇల్లు వదలండి. మెహిదీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పైకి సైకిల్ ఎక్కకూడదు, కింది రోడ్డే మనది. ఔటర్ మీదికి కూడా సైకిళ్లను రానివ్వరు. ఆరున్నరకల్లా శంషాబాద్ దాటితే మిగతా దారి ప్రశాంతంగా ఉంటుంది. నవంబరులో వెళ్తే బాలానగర్ చుట్టుపక్కల రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు ఇంకా కనబడొచ్చు. సీతాఫలంలో బాలానగర్ అనే రకానికి ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. అప్పుడే మెత్తబడ్డ కాయ ఒకటి ఆగి తినండి, సంచిలో వేసుకుంటే గంటలో నలిగిపోతుంది.

రెండో రోజు జడ్చర్ల నుంచి కొత్తకోట మీదుగా పెబ్బేరు, సుమారు 70. అక్కడ గది సంగతి ముందురోజే ఫోన్‌లో కనుక్కోండి, దొరక్కపోతే పక్కకు వనపర్తి దాకా పోవాల్సి వస్తుంది. మూడో రోజు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతారు. వంతెన మీద ఆగకండి, దాటాక ఆగి చూడండి. ఆ తర్వాత ఎర్రవల్లి, ఆలంపూర్ చౌరస్తా. చౌరస్తా నుంచి లోపలికి ఓ పది కిలోమీటర్లు పోతే జోగులాంబ గుడి, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు. ఎర్రరాతి గోడల నీడలో మధ్యాహ్నం గడపడానికి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. సాయంత్రానికి తుంగభద్ర దాటి కర్నూలు.

నాలుగో రోజు వెల్దుర్తి, డోన్ మీదుగా గుత్తి, సుమారు 95. అన్నిటికంటే కష్టమైన రోజు ఇదే. ఊళ్లు దూరం దూరంగా ఉంటాయి, చెట్టు నీడ తక్కువ. అయిదో రోజు పామిడి దగ్గర పెన్న దాటి అనంతపురం, యాభై చిల్లర. ఆ రోజు తొందరేం లేదు కాబట్టి ఓపిక ఉన్నవాళ్లు పొద్దున్నే గుత్తి కోట ఎక్కి దిగి బయల్దేరవచ్చు.

పొద్దున

నాలుగున్నరకు లేవండి. బ్యాగు రాత్రే కట్టి ఉండాలి, సీసాలు రాత్రే నింపి ఉండాలి. లేవగానే అరలీటరు నీళ్లు మెల్లగా తాగండి. రెండు అరటిపండ్లు, ఓ పల్లీపట్టీ తింటే మొదటి గంటన్నరకు చాలు. కడుపు నిండా తిని తొక్కితే ఆయాసం వస్తుంది.

డిసెంబరులో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాకే వస్తాడు, ఆరింటి తర్వాత వెలుగు విచ్చుకుంటుంది. రహదారి మీద ఆ వెలుగు వచ్చాకే ఎక్కండి, వెనక ఎర్ర లైటు మాత్రం పొద్దంతా వెలుగుతూనే ఉండాలి. ఆరుంబావు నుంచి పది దాకా, మధ్యలో టిఫిన్‌కు అరగంట తీసేసినా, గంటకు పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల చొప్పున దాదాపు యాభై కిలోమీటర్లు అయిపోతాయి. ఆ వేళకు గాలి కూడా పడుకుని ఉంటుంది. ఎండ నేలను వేడిచేశాక, తొమ్మిది, పది దాటాకే అది లేస్తుంది.

టిఫిన్‌కు ఎనిమిదింటికి ఆగండి. మొదటి మూడు రోజులు ఇడ్లీ ఎక్కడైనా దొరుకుతుంది. కర్నూలు దాటాక బొరుగులతో చేసే ఉగ్గాని, దాంతో బజ్జీ. బొరుగులు తేలిగ్గా అరుగుతాయి, అయితే మిరపకాయ బజ్జీలు ఒకటికి మించితే మధ్యాహ్నం కడుపు మంట పెట్టి దారి చెడగొడుతుంది. బజ్జీల సంబరం చివరి రోజుకు దాచుకోండి.

చిన్న గేరులో ఎక్కువసార్లు తొక్కండి, పెద్ద గేరులో బలం పెట్టి తొక్కొద్దు. చడావు, అంటే ఎక్కుడు, వచ్చాక మార్చడం కాదు, రాకముందే గేరు దించాలి.

రహదారిలో తెల్లగీతకు ఎడమ పక్కన మీ చోటు. అక్కడా మూడు ప్రమాదాలు ఉన్నాయి. ఆపి ఉంచిన లారీలు, ఎదురుగా రాంగ్‌సైడులో వచ్చే బండ్లు, పేలిన లారీ టైర్ల ముక్కలు. లారీని దాటడానికి కుడికి రావాల్సి వచ్చినప్పుడు వెనక్కి తిరిగి కళ్లతో చూసి, చెయ్యి చాపి, అప్పుడు రండి. ఊరి రోడ్ల మీద ఇంకోటి ఉంటుంది. కోతల కాలంలో మొక్కజొన్న, జొన్న, వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. గింజల మీద చక్రం జారుతుంది. పైగా అది ఒక ఇంటి ఏడాది కష్టం. దిగి, పక్కనుంచి నడిపించుకు పోండి. గొర్రెల మంద ఎదురైనా అంతే, ఓ పక్కన కాలు కింద పెట్టి నిలబడండి, అవే చుట్టూ తిరిగి పోతాయి. కుక్క వెంటపడితే పారిపోకండి. దిగి సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి, నూటికి తొంభైసార్లు ఆగిపోతుంది. ఒకవేళ కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాల్సిందే. ప్రయాణం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

నీళ్లు

ప్రతి పది, పదిహేను నిమిషాలకు రెండు గుక్కలు. దాహం కోసం ఎదురుచూడొద్దు. నా ఒంటికి చలికాలంలో కూడా రోజుకు అయిదు లీటర్లు పడుతుంది. సైకిల్ మీద ఎప్పుడూ రెండు లీటర్లు, కర్నూలు దాటాక నాలుగు లీటర్లు ఉంచుకోండి. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోల బరువు, అయినా మోయాల్సిందే.

ఉత్త నీళ్లే తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. అయిపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి కలపండి. ఊళ్లలో సల్ల దొరికితే ఉప్పేసుకుని తాగండి, దానికి సాటి లేదు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలడం లేదు. ఎండలో తొక్కుతూ తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, మాట తడబడటం లాంటివి ఉంటే అది వడదెబ్బ. ఇక తొక్కకండి, నీడకు చేరి బట్టలు తడుపుకుని 108కి ఫోన్ చేయండి. రహదారి మీద ఇతర సాయానికి 1033 ఉంది, పోలీసులకు 112.

తాగే నీళ్లకు ఇప్పుడు చాలా ఊళ్లలో ఆర్‌ఓ ప్లాంటు ఉంటోంది. నీళ్లు అడిగేటప్పుడు ముందు వరస కలపండి. పాలమూరులో "అన్నా, జర నీళ్లిస్తవా", ముసలమ్మ అయితే "పెద్దమ్మా" అంటే చాలు, నీళ్లతో పాటు నీడన కుర్చీ కూడా వస్తుంది. కర్నూలు దాటాక "పెద్దాయనా", "అక్కా" అనండి. తర్వాత అడిగే ప్రశ్నలు రెండు చోట్లా ఒకటే. యాడి నుంచి, యాడికి, పెండ్లయిందా, బస్సుండగా ఎందుకీ కష్టం. ఓపిగ్గా చెప్పండి. ఒకసారి వెల్దుర్తి ఇవతల ఒక పెద్దాయన నా మాటంతా విని, సైకిల్ వెనక చక్రం రెండు వేళ్లతో నొక్కి చూసి, "గాలి తక్కువుంది నాయనా" అన్నాడు. నిజంగానే తక్కువుంది.

పంక్చర్

ఈ దారిలో పంక్చర్లకు ముగ్గురు దోషులు. సర్కారు తుమ్మ ముల్లు, లారీ టైరు నుంచి రాలిన వెంట్రుకంత ఉక్కు తీగ, పల్లేరు కాయ. వీటిలో పల్లేరు మొండిది. వానలకు రోడ్డు పక్కన నేలంతా పాకి పసుపుపచ్చటి పూలు పూసి, చలికాలానికి ఎండి ముక్కలవుతుంది. ఆ ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. కాబట్టి ఆగాలనిపించినప్పుడు సైకిల్‌ను తారు మీద నుంచి మట్టిలోకి తొక్కుకుంటూ దిగొద్దు. ఆగి, ఎత్తి, చెట్టు కిందికి మోసుకుపోండి.

గాలి దిగిందా, కంగారుపడకండి. వెనక చక్రమైతే చెయిన్‌ను చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చాకే ఊడదీయండి. టైరును ఒక పక్క మాత్రమే ఊడదీసి ట్యూబు లాగండి. గాలి కొట్టి, ట్యూబును పెదవుల దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పండి. చెవికి వినబడని గాలి పెదవికి చల్లగా తగులుతుంది. చిల్లు దొరికాక పెన్నుతో దాని చుట్టూ పెద్ద గీత గీయండి. ఉప్పు కాగితంతో ప్యాచీ కంటే కాస్త ఎక్కువ మేర రుద్దండి, మెరుపు పోయి మసకబారాలి. సొల్యూషన్ పల్చగా రాసి ఆగండి. ఇక్కడే అందరం తొందరపడతాం. తడి మీద ప్యాచీ వేస్తే అరగంటలో లేచిపోతుంది. అయిదు నిమిషాలు పోనిచ్చి, వేలి వెనకతో తాకితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు వేసి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కండి.

ఆ అయిదు నిమిషాల్లో చేయాల్సిన పని టైరు లోపల వెతకడం. ట్యూబు బాగుచేసి ముల్లును టైరులోనే వదిలేస్తే రెండు కిలోమీటర్లకు మళ్లీ పంక్చర్. నేను ఒకే ముల్లుకు రెండుసార్లు దిగాను. జడ్చర్లలో ఒక సైకిల్ షాపాయన చూపించిన పద్ధతి ఇది. చిన్న దూది ఉండ తీసుకుని టైరు లోపల చుట్టూ జరుపుతూ పోవాలి. ఉక్కు తీగ ఉన్నచోట దూది పోగు తట్టుకుని ఆగుతుంది. వేళ్లతో తడిమితే దొరకని తీగ దూదికి దొరుకుతుంది, వేలూ తెగదు. దొరికాక గోళ్లతో లాగండి, రాకపోతే బయటి నుంచి సూదితో తోయండి.

బిగించేముందు ట్యూబుకు కాస్త గాలి కొట్టండి, అప్పుడు మెలిపడదు. టైరు చివరి జానెడు బిగువుగా ఉంటుంది. అక్కడ ఇనుప పానా పెట్టారంటే కొత్త చిల్లు పడుతుంది. రెండు బొటనవేళ్లతో తోస్తే చాలు, ఎంత బిగువున్నా ఎక్కుతుంది.

మధ్యాహ్నం

పదకొండు నుంచి మూడు దాకా రోడ్డు దిగండి. రావిచెట్టు అరుగు, గుడి మండపం, ఆర్టీసీ బస్ షెల్టర్, ధాబా ముందు నవారు మంచం, ఏదైనా సరే. బూట్లు, సాక్సులు విప్పి కాళ్లు ఆరనివ్వండి. భోజనంలో అన్నం మామూలు కంటే కొంచెం తగ్గించి, పప్పు, పెరుగు ఎక్కువ వేసుకోండి. తర్వాత ఓ గంట నిద్ర. ఫోన్ చూస్తూ పడుకుంటే నిద్రా రాదు, సాయంత్రానికి చార్జింగూ ఉండదు.

పగలు ఇలా నిద్రపోవడం సోమరితనం అనుకుని మానేసేవాళ్లు మూడో రోజుకు డీలాపడతారు.

మూడింటికి లేచి మిగిలిన పాతిక, ముప్పై కిలోమీటర్లు తొక్కండి. గుత్తి రోజు మాత్రం రెండున్నరకే ఎక్కాలి.

సాయంత్రం

డిసెంబరులో అయిదుముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. అయిదింటికల్లా ఆగే చోట ఉండండి. చీకటి పడ్డాక తొక్కడం ఈ ప్రయాణంలో లేదు, పది కిలోమీటర్లే మిగిలినా సరే.

లాడ్జిలో గది తీసుకునే ముందు సైకిల్ లోపల పెట్టనిస్తారా అని అడగండి. ఒకచోట రాత్రంతా బయట ఉంచమన్నారు, పొద్దున చూస్తే పంపు, వెనక లైటు లేవు. అప్పటి నుంచి కింది అంతస్తు గది అడుగుతున్నాను. లాడ్జి లేని ఊళ్లో అయితే గుడి సత్రం, లేదా రాత్రంతా తెరిచి ఉండే పెట్రోల్ బంకు. చీకటి పడకముందే వెళ్లి, ఆధార్ కార్డు చూపించి, ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పి అడగండి. చీకటి పడ్డాక వచ్చి అడిగేవాళ్లను ఎవరైనా అనుమానంగానే చూస్తారు, అది వాళ్ల తప్పు కాదు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు లాడ్జి ముందే మాట్లాడుకుని, ఊళ్లో సాయం కావాలంటే ఆడవాళ్లున్న ఇంటి ముందే ఆగండి. బడి టీచరమ్మలు, ఆశా కార్యకర్తలు నా స్నేహితురాలికి రెండు ఊళ్లలో దారి చూపించారు.

చేరగానే వరస ఇదీ. ముందు స్నానం, వెంటనే షార్ట్స్ ఉతికి ఆరేయడం. ఒరుసుకున్న చోట కొబ్బరినూనె. తర్వాత సైకిల్. పాత గుడ్డతో చెయిన్ తుడిచి, గొలుసు కీళ్ల మీద ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. ఎక్కువ నూనె ఎర్రమట్టిని పట్టుకుని ఇసుక కాగితంలా పళ్లను అరగదీస్తుంది. టైర్ల చుట్టూ చూసి గుచ్చుకున్నవి తీయండి. బ్రేకులు నొక్కి చూడండి. అంతా పావుగంట పని. ఇంటికి ఫోన్ చేసి రేపు రాత్రి ఎక్కడ ఉంటారో చెప్పండి.

రాత్రి భోజనానికి కర్నూలులో జొన్నరొట్టె వెతకండి. పోయినసారి ఒక సందు మొదట్లో, కట్టెల పొయ్యి ముందు ఒకావిడ రొట్టెలు తడుతుంటే చూస్తూ నిలబడ్డాను. వేడినీళ్లు పోసి కలిపిన పిండి ముద్దను చెక్క మీద పెట్టి, అరచేత్తో తిప్పుతూ తడుతుంటే అంచు ఎక్కడా పగలకుండా పళ్లెమంత అయింది. పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో ఒక్కసారి తుడిచింది. "సైకిల్ మీద వచ్చినావా? అయితే రెండు తిను" అని ఎర్రకారం, పల్లీల పొడి, ఉల్లిగడ్డ పెట్టింది. రెండు తిన్నాను. తొమ్మిదింటికి పడుకుంటే నాలుగున్నర దాకా మెలకువ రాలేదు. కడుపుకు నిలుస్తుంది, బరువనిపించదు, తొక్కేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి.

తిరుగు ప్రయాణం

అనంతపురం నుంచి రైల్లో రావడం సులువు. సైకిల్ తీసుకురావడం గురించి ముందురోజే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో కనుక్కోండి, ఏ రైలుకు బుక్ చేస్తారో వాళ్లే చెబుతారు. మీ టికెట్, గుర్తింపు కార్డు జిరాక్సు దగ్గర ఉంచుకోండి. సీసాలు, లైట్లు, పంపు, బ్యాగులు అన్నీ తీసేయండి. హ్యాండిల్ అడ్డంగా తిప్పి కట్టి, గేరు మార్చే భాగం చుట్టూ గోనెగుడ్డ చుట్టండి, దింపేటప్పుడు మొదట వంగేది అదే. మీ పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రెండు అట్టముక్కల మీద రాసి ముందొకటి, వెనకొకటి కట్టండి. రసీదు ఫోటో తీసుకోండి.

కాచిగూడలో దిగాక సైకిల్ చేతికొచ్చిన వెంటనే ఎక్కేయకండి. చక్రాలు ఎత్తి తిప్పి చూడండి, బ్రేకులు నొక్కండి, హ్యాండిల్ నట్టు మళ్లీ బిగించండి. తెల్లవారుజామున దిగితే ట్రాఫిక్ పెరగకముందే తొక్కుకుంటూ ఇల్లు చేరొచ్చు. పగలు దిగితే ఆటో ట్రాలీ మాట్లాడుకోండి. ఇంటికొచ్చాక ట్యూబుల మీద ప్యాచీలు లెక్కపెట్టి, అయిదు దాటినవి పక్కన పడేయండి. వచ్చేసారి బ్యాగులు కట్టడానికి చీలికలుగా పనికొస్తాయి.